నొప్పి తగ్గించకముందు



యువ వైద్యులైన మీకు నేను చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలనుంది.

చాలా ఏళ్ళ కిందట శామీర్‌పేట దగ్గరి ఇటుక బట్టీ నుంచి ఒక కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. ఇరవై దాటాయి. ఊరు ఒడిశాలో బలంగీర్ వైపు. జ్వరం, మోకాలు వాపు. డైక్లోఫెనాక్ ఇచ్చాను. రెండు రోజుల్లో వాపు దిగింది, పనిలోకి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు ఆయాసంతో వచ్చాడు. స్టెతస్కోపు పెడితే మర్మర్. మైట్రల్ కవాటం అప్పటికే లీకవుతోంది. అప్పుడు చెప్పాడు: మోకాలికంటే ముందు చీలమండ వాచిందట, అంతకు మూడు వారాల ముందు గొంతు నొప్పితో ముద్ద మింగుడుపడలేదట. మొదటిసారి నేను అడగలేదు.

అది రుమాటిక్ జ్వరం. దాన్ని బడిపిల్లల జబ్బని చదువుకున్నాం. 5 నుంచి 15 ఏళ్ళ మధ్య ఎక్కువన్నది నిజమే. కానీ ఒకే రేకుల గదిలో పదిమంది పడుకునే చోట, గొంతులో చేరి ఈ జబ్బు తెచ్చే స్ట్రెప్టోకాకస్ పెద్దవాళ్ళనూ వదలదు. వాళ్ళలో తరచు కీళ్ళ నొప్పులే ముందు బయటపడతాయి. మనమేమో చికున్‌గున్యా అనుకుని పంపేస్తాం. ఈ జబ్బు నిర్ధారణకు 1944లో డకెట్ జోన్స్ ఇచ్చిన ప్రమాణాలను 2015లో సవరించారు. ఈ జబ్బు ఎక్కువున్న జనంలో ఒక్క కీలు వాచినా, వేరే కారణాలు లేవని తేలాక పలు కీళ్ళు ఉత్తినే నొప్పిపెట్టినా ప్రధాన లక్షణమే. మర్మర్ వినపడకున్నా ఎకోలో కవాటం లీకు కనబడితే అదీ ప్రధానమే. ఆ కుర్రవాడికున్న ముప్పెంతో కేస్ షీటు మీది చిరునామా చెప్పదు. పెరిగిన ఊరు, పడుకునే గది చెబుతాయి.

జీనోమ్ వ్యాలీ కట్టడాల పనుల నుంచో, మేడ్చల్ పారిశ్రామికవాడ నుంచో జ్వరంతో, కీళ్ళనొప్పులతో ఎవరొచ్చినా "గలా దుఖా థా క్యా?" (గొంతు నొప్పి పెట్టిందా?) అని అడగండి. నొప్పి ఏ కీలు నుంచి ఏ కీలుకు మారిందో అడగండి. నిర్ధారణ అయ్యేదాకా పారాసెటమాల్‌తో సరిపెట్టండి. ఆస్పిరిన్ జాతి మందులకు ఈ వాపు ఇట్టే కరిగిపోతుంది, దాంతోపాటు ఆనవాలూ పోతుంది. ఏఎస్ఓ, ఈఎస్ఆర్ చేయించండి, ఈసీజీలో పీఆర్ వ్యవధి కొలవండి, ఎకోకు వెనకాడకండి.

అసలు కష్టం ఆ తర్వాతే. బెంజథిన్ పెనిసిలిన్ 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి, ఏళ్ళ తరబడి. వానలకు ముందే బట్టీ ఆగుతుంది, మనిషి సొంతూరికి రైలెక్కేస్తాడు. అందుకే ఆ కుర్రవాడు రెండోసారి వచ్చినప్పుడు జబ్బు పేరు, మోతాదు, తర్వాతి తేదీ రాసిచ్చాను. అక్కడి డాక్టరు కోసం ఇంగ్లిషులో, అతడి కోసం హిందీలో. అతడు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నాడు.