చందా మనది, మైదానం మనది

(జార్జిరెడ్డి పేర ఆట మైదానం కోసం చందా పోగు చేసే సందర్భంగా ఏప్రిల్ 14న వికారాబాద్‌లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, తాండూరు బండల గనుల నుంచి ఒకపూట కూలి పోగొట్టుకొని వచ్చిన తమ్ముళ్లారా!

1891లో ఇదే తేదీన బాబాసాహెబ్ పుట్టిండు. 1972లో ఇదే తేదీన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర జార్జిరెడ్డిని కత్తులతో పొడిచి చంపిండ్రు. అప్పటికి ఆయనకు 25 ఏండ్లు. ఫిజిక్స్‌లో గోల్డ్ మెడల్ విద్యార్థి, బాక్సింగ్ ఆటగాడు, క్యాంపస్‌లో గూండాగిరికి ఎదురు నిలబడ్డ నాయకుడు.

ఆయన పేర చందా పుస్తకం పట్టుకొని మన పోరగాండ్లు వాడలు తిరుగుతుంటే ఒక పెద్దమ్మ అడిగింది: "రెడ్డి పేరుకు మాదిగింట్ల చందా ఎందుకియ్యాలె బిడ్డా?" న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండ మనం ఎవరి ముందరా చెయ్యి చాపొద్దు.

జార్జి మన వాడ బిడ్డ కాదు. మనవాడని అబద్ధం చెప్పి చందా అడగం. మనిషి పేరు చివర ఏమున్నదని కాదు, ఆయన పిడికిలి ఎవరి మీదికి లేచిందని చూడాలె. అది పేద విద్యార్థి మీదికి లేవలేదు, పేద విద్యార్థిని కొట్టేటోని మీదికి లేచింది. అందుకే ఆయనకు చందా ఇస్తం.

అయితే పెద్దమ్మ ప్రశ్నలో ఇంకో ప్రశ్న ఉన్నది. మన ఆటగాళ్ల పేర్లు ఏ రాయి మీద ఉన్నయి? పల్వంకర్ బాలూ పేరు మీలో ఎంతమంది విన్నరు? ధార్వాడ్‌లో పుట్టిన చమార్ బిడ్డ. పూనాలో మైదానం ఊడ్చే పనోడు. బంతి చేతికిస్తే హిందువుల జట్టుకు గెలుపులు తెచ్చిపెట్టిండు. 1911లో ఇంగ్లండ్ పోయి వందకు పైగా వికెట్లు తీసిండు. కాని పూనాలో టీ వేళ ఆయనకు చాయ బయటనే, మట్టి ముంతలో! వికెట్లు కావాలె, ముంత మాత్రం వేరే. కెప్టెన్సీ ఆయనకు ఇయ్యనే లేదు. చివరికి 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యిండు. అందుకే నా సూచన: మన బండ మీద రెండు పేర్లు చెక్కుదాం. ఒకటి జార్జిరెడ్డి, ఇంకొకటి బాలూ.

ఇక పైసల సంగతి. ఒక పెద్దమనిషి ఖర్చంత తానే పెడతనన్నడు. షరతు ఒక్కటే: బండ మీద పైన ఆయన పేరు ఉండాలె. మనలో కొందరికి ఇది సులువుగ కనబడుతున్నది. కాని ఆలోచించుండ్రి. రేపు ఆయన కొడుకు వచ్చి, "మా నాయిన మైదానం, మీ పోరగాండ్లు అటు పోయి ఆడుకోండ్రి" అంటే ఎవల్ని అడుగుతరు? గుళ్లు, బాయిలు ఎవల పేర కట్టిండ్రో, ఎవలను రానియ్యలేదో మన తాతలకు ఎరుకే. ఆయన కూడ అందరి లెక్కనే రసీదు తీసుకొని చందా ఇయ్యొచ్చు. పేరు మాత్రం చెక్కం.

మనకు కావలసింది కోటలు కాదు. కబడ్డీ కోర్టుకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు జాగ చాలు. నాలుగు జతల బాక్సింగ్ గ్లౌజులు కొందాం. ఒక తాండూరు బండ నిలబెడదాం. ఆ బండను గనిలో కోసేది మన చేతులే, దాని దుమ్ము మింగేది మన ఊపిరితిత్తులే. ఒక్క బండన్నా మన పిల్లల కోసం నిలబడనియ్యి. మైదానం వాడ పక్కనే ఉండాలె, ఆడపిల్లలు భయం లేకుండ వచ్చి ఆడేటట్టు. అవకాశం దొరికితే మన పిల్లలు ఎక్కడికి పోతరో 2014 మే 25న చూసినం. గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిండ్రు.

ఇంటికి యాభై రూపాయలు. లేనోళ్లు ఒకరోజు పలుగు, పార పట్టుండ్రి, అది కూడ చందానే. ప్రతి పైసకు రసీదు. జమ, ఖర్చు నెలకోసారి వాడ నడుమ చదివి వినిపియ్యాలె. చదివేటోళ్లలో ఒక ఆడమనిషి తప్పకుండ ఉండాలె. లెక్క చెప్పని కమిటీని నిలదీసే హక్కు యాభై ఇచ్చినోళ్లకూ ఉన్నది, పలుగు పట్టినోళ్లకూ ఉన్నది.

రేపు ఆ పెద్దమ్మ ఇంటికే మొదట పోదాం. ఈ జవాబు చెప్పినంక ఆమె ఇస్తే తీసుకుందాం. ఇయ్యకున్నా ఆమె మనుమరాలు ఆ కోర్టులో ఆడుతది.

జై భీమ్!