చిల్కాకి పిల్లల్ని పంపిన ఇళ్ళకి తోడుందాం

(మండల రైతు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఎజెండాలో కాలవ నీళ్ళున్నాయి, ధాన్యం డబ్బులున్నాయి, కౌలు కార్డులున్నాయి. వాటి పక్కన నేవీ శిక్షణకి వెళ్ళిన మన పిల్లల సంగతి కూడా పెట్టమని అడిగాం. ఇది రైతు సంఘం చూడాల్సిన పనేనా అని కొందరన్నారు. ఆ పిల్లలు ఎవరింటి వాళ్ళు? రెండెకరాలు, మూడెకరాలు కౌలుకి చేసుకునే ఇళ్ళ వాళ్ళు. సార్వా వానకి పోయి, దాళ్వాకి ధర రాక, "ఈ చేలో నీకేం మిగలదురా, చదువుకుని ఏదో ఒక ఉద్యోగం చూసుకో" అని మనమే చెప్పి పంపిన వాళ్ళు. అందుకే ఇది మన పనే.

సముద్రం మీదికి బిడ్డని పంపడం ఈ గోదావరి గడ్డకి కొత్త కాదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగూను పోయారు మన పెద్దలు. బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అక్కడి ఇళ్ళలో సైన్యానికి వెళ్ళడం ఆనవాయితీ. ఒక తల్లి ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటే పక్కింటి తల్లికి ఆ బాధ తెలుసు, ఎందుకంటే ఆమె కొడుకూ అక్కడే ఉన్నాడు. మన ఊళ్ళలో అలా కాదు. ఊరికి ఒకరో ఇద్దరో వెళ్తున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు ఎవరికి వాళ్ళు ఇంట్లో కూర్చుని భయపడుతున్నారు.

ముందు సంగతేమిటో అందరికీ తెలియాలి. 2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. అదే నెలలో కోనసీమలో రైతులు గిట్టుబాటు కాక క్రాప్ హాలిడే అన్నారు. ఈ పథకంలో ఉద్యోగం నాలుగేళ్ళే. ఆ తర్వాత నూటికి పాతిక మంది వరకే ఉంచుకుంటారు. మిగతా వాళ్ళు ఇంటికి రావాలి. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. నేవీకి ఎంపికైన పిల్లల్ని ఒడిశాలో ఖుర్దా జిల్లా, చిల్కా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిల్కాకి పంపిస్తారు. అక్కడ సుమారు పదహారు వారాల శిక్షణ. మొదటి బ్యాచ్ పాసింగ్ ఔట్ పరేడ్ 2023 మార్చి 28న జరిగింది. దాదాపు 2,600 మందిలో 270కి పైగా ఆడపిల్లలు. నావికులుగా ఆడపిల్లల్ని తీసుకోవడం అదే మొదలు. కాబట్టి ఇది ఇప్పుడు కొడుకుల్ని కన్నవాళ్ళ సంగతే కాదు, కూతుళ్ళని కన్నవాళ్ళ సంగతి కూడా.

ఒక మాట సూటిగా చెప్పాలి. మన సంఘం ఈ పథకాన్ని వ్యతిరేకించింది. 2022 జూన్ 24న సంయుక్త కిసాన్ మోర్చా దేశవ్యాప్తంగా నిరసనకి పిలుపిచ్చింది. నాలుగేళ్ళ కాంట్రాక్టు సైనికుడు వద్దన్నది మన మాట. ఈ రోజుకీ అదే మాట. అయితే కొన్ని ఇళ్ళవాళ్ళు పిల్లల్ని పంపాక మన సమావేశాలకి రావడం తగ్గించారు. "మీరు వద్దన్న దాంట్లోకే మావాడు వెళ్ళాడు, ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారు" అన్నాడు ఒక తండ్రి. మనకి పేచీ పథకంతో. పిల్లాడితో మనకి పేచీ ఎందుకుంటుంది? వరికి ధర లేదని ధర్నా చేస్తాం, ఇంటికొచ్చి మళ్ళీ వరే ఊడుస్తాం. ఉన్న దారిలో బతుకుతూనే మంచి దారి అడుగుతాం. ఆ పిల్లాడూ అంతే. ఆ తండ్రి మనతోనే ఉండాలి.

పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళకి, అంటే పదిహేడున్నర నుంచే తీసుకుంటారు కాబట్టి, తల్లో తండ్రో కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టిన చెయ్యి ఎలా వణుకుతుందో పెట్టినవాళ్ళకే తెలుసు. పిల్లాడికి ఏ కష్టమొచ్చినా "నేనే కదా పెట్టింది" అనుకుంటారు. ఆ బరువు ఒక్కరి మీద ఉండకూడదు.

ఇప్పుడు పనికొచ్చే మాటలు చెప్పుకుందాం. మేము, అంటే ఇప్పటికే పంపిన నాలుగైదు ఇళ్ళవాళ్ళం, ఒకచోట కూర్చుని మాట్లాడుకోగా తేలినవి ఇవి.

మొదటిది ఫోను. శిక్షణలో ఫోను ఎప్పుడు పడితే అప్పుడు చేతిలో ఉండదు. రెండు మూడు రోజులు కబురు లేకపోతే ఏదో అయిపోయిందని అన్నం మానేసిన తల్లులున్నారు. కబురు రాకపోవడం అక్కడ మామూలే అని ఇంతకు ముందు పంపిన తల్లి చెప్తేనే ఆమె నమ్ముతుంది. మనం చెప్తే నమ్మదు. కాబట్టి పాత తల్లి కొత్త తల్లి ఇంటికి వెళ్ళాలి. సాయంత్రం పూట ఒక అరగంట కూర్చుంటే చాలు.

రెండోది, ఫోను వచ్చినప్పుడు. మొదటి వారాల్లో పిల్లలు ఏడుస్తారు. తెల్లవారకముందే లేపుతారు, పరుగు పెట్టిస్తారు, కవాతు చేయిస్తారు, ఈత కొట్టిస్తారు. కాలవలో ఈత నేర్చిన పిల్లాడికి కూడా అక్కడి పద్ధతి వేరే. "వచ్చేస్తానమ్మా" అంటాడు. నారు పీకి ఊడ్చిన చేను నాలుగు రోజులు పాలిపోయి పడుకుంటుంది. తర్వాతే మూన తిరుగుతుంది. అప్పుడు మనం గట్టు మీద కూర్చుని ఏడుస్తామా, నీళ్ళు చూసుకుంటామా? పిల్లాడు చెప్పింది పూర్తిగా వినండి. "ఊరుకో, మగాడివి" అని నోరు నొక్కొద్దు. ఇంట్లో అప్పుల గొడవ, పొలం గొడవ ఆ రెండు నిమిషాల్లో చెప్పొద్దు. ఏం తిన్నావు, ఎవరు స్నేహితులయ్యారు అని అడగండి. కానీ దెబ్బ తగిలిందన్నా, జ్వరమన్నా, మాటలో తేడా కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడి డాక్టరుకి, పైవాళ్ళకి చెప్పమనండి. మర్నాడు ఆ సంగతి మళ్ళీ కనుక్కోండి.

మూడోది పని. పిల్లాడు వెళ్ళాక ఆ ఇంట్లో రెండు చేతులు తగ్గాయి. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు, వానొచ్చి కళ్ళంలో ధాన్యం ఎత్తాల్సినప్పుడు ఆ లోటు తెలుస్తుంది. వాళ్ళ చేలో ఒక పూట మనం, మన చేలో ఒక పూట వాళ్ళు. ఇది మన తాతలు చేసిందే. కూలీ డబ్బులు మిగలడం సంగతి అటుంచండి, నలుగురు చేలోకి దిగితే ఆ ఇంటాయన ఆ పూట నవ్వుతాడు.

నాలుగోది, మధ్యలో తిరిగొచ్చిన పిల్లలు. చిల్కా చేరాక తుది వైద్య పరీక్ష ఉంటుంది. అందులో ఆగిపోయేవాళ్ళుంటారు. అప్పీలుకి వీలుంటుంది గానీ గడువు తక్కువ. అక్కడిచ్చిన కాగితం ఆ రోజే చదివించుకోవాలి. ఇంటికొచ్చిన పిల్లాడిని టీ కొట్టు దగ్గర "ఏరా, పారిపోయి వచ్చావా?" అని అడిగేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. ఆ ఒక్క మాటకి పిల్లాడు వారాల తరబడి గడప దాటడు. అలాంటి మాట అన్నవాళ్ళని అక్కడే ఆపే బాధ్యత మనది. వెళ్ళినప్పుడు దండ వేసినవాళ్ళం, వచ్చినప్పుడు భుజం మీద చెయ్యి వెయ్యలేమా?

అయిదోది డబ్బు. మొదటి ఏడాది నెలకి 30,000 రూపాయలు. అందులో 30 శాతం, అంటే 9,000, సేవానిధికి కోసుకుంటారు. చేతికొచ్చేది 21,000. నాలుగో ఏటికి 40,000 జీతంలో చేతికి 28,000 వస్తుంది. నాలుగేళ్ళలో బిడ్డ జీతంలోంచి కోసింది 5 లక్షల 2 వేలు, ప్రభుత్వం కలిపేది మరో 5 లక్షల 2 వేలు, వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు అని చెప్పారు. సగం బిడ్డ కష్టమేనని గుర్తుంచుకోండి. ఆ డబ్బు చూపించి ఇప్పుడే అప్పులు తేవొద్దు. అక్క పెళ్ళికని, ఇంటి స్లాబుకని ముందే లెక్క వేసుకోవద్దు. ఇరవై రెండేళ్ళకో, ఇరవై మూడేళ్ళకో ఇంటికొచ్చిన పిల్లాడికి మళ్ళీ బతుకు మొదలుపెట్టడానికి అదే పెట్టుబడి. నేవీలో సీటు ఇప్పిస్తామని లక్షలు అడిగే బ్రోకర్ల మాట నమ్మొద్దు. పరీక్ష, పరుగు, వైద్య పరీక్ష తప్ప వేరే దారి లేదు.

ఆరోది పాసింగ్ ఔట్ పరేడ్. పిల్లాడు తెల్ల బట్టలేసుకుని నడుస్తుంటే చూడాలని ప్రతి తల్లికీ ఉంటుంది. రాజమండ్రిలో రైలెక్కితే విశాఖ, శ్రీకాకుళం, బరంపురం దాటి వెళ్ళాలి. భాష రాదు, దారి తెలియదు, చేతిలో డబ్బుండదు. అలా ఆగిపోయిన ఇళ్ళున్నాయి. నాలుగు ఊళ్ళవాళ్ళు కలిసి ఒకే రైలుకి టిక్కెట్లు తీసుకుంటే ఎవరూ ఆగక్కర్లేదు. డబ్బు చాలని వాళ్ళకి మనలో మనం సర్దుకుందాం.

ఇవన్నీ మనం మనకి చేసుకునేవి. ప్రభుత్వం చెయ్యాల్సింది ప్రభుత్వాన్నే అడుగుదాం. 2022 చివర్లో చిల్కాలో చేరిన మొదటి బ్యాచ్‌కి 2026 ఆఖరుకి నాలుగేళ్ళు నిండుతాయి. ఇంటికి పంపే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఉద్యోగం ఎక్కడ? కేంద్ర బలగాల్లో 10 శాతం కేటాయిస్తామని 2022లోనే అన్నారు. ఆ మాట ప్రకారం ఎంతమందికి ఇచ్చారో లెక్క చెప్పమందాం. శాశ్వత ఉద్యోగం, పింఛను అడుగుదాం. వాళ్ళు తిరిగొచ్చేది కౌలు చేలోకే కాబట్టి కౌలు కార్డు, గిట్టుబాటు ధర కూడా అదే అర్జీలో రాద్దాం. ఆ అర్జీ మీద మొదటి సంతకం చిల్కాకి బిడ్డని పంపిన తల్లిదండ్రులది ఉండాలి. అప్పుడు దాన్ని ఎవరూ తేలిగ్గా పక్కన పడెయ్యలేరు.

మీ ఊళ్ళో ఎవరి పిల్లలు శిక్షణలో ఉన్నారో, ఎవరు తిరిగొచ్చారో ఆ పేర్లు ఈ సమావేశం అయ్యేలోగా కార్యదర్శి గారి పుస్తకంలో రాయించండి. ఈ ఆదివారం నుంచి ఇద్దరిద్దరు చొప్పున ఆ ఇళ్ళకి వెళ్దాం. మన మీటింగులు మానేసిన ఇళ్ళకి ముందుగా వెళ్దాం.