అనుభవం ఉన్న నర్సు పొరుగు రాష్ట్రానికి వస్తే
(బెంగళూరులో సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్య సూత్రాల మీద మాట్లాడమన్నారు. ఆ సూత్రాలు మీకందరికీ తెలిసినవే. వాటిని పాటించకపోవడమూ మనకందరికీ అలవాటే. కనుక వారి అనుమతితో వేరొక విషయం ఎత్తుకొన్నాను. పదేళ్ళో పదిహేనేళ్ళో ఆంధ్రలోనో తెలంగాణలోనో పనిచేసి, భర్త ఉద్యోగం కోసమో, పిల్లల చదువు కోసమో, నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయనో బెంగళూరికి వచ్చే నర్సు సంగతి అది. అటువంటివారు మన వీధులలోనే ఉన్నారు. ఈ సభకు మాత్రం రాలేదు. చాలామంది ఈ వేళ డ్యూటీలో ఉండి ఉంటారు.

మొదట కాగితాల సంగతి. నర్సు చదువు దేశమంతటా చెల్లుతుంది గాని, పేరు మాత్రం పనిచేసే రాష్ట్రపు రిజిస్టరులో ఉండవలె. 1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం, గుర్తింపు పొందిన అర్హత ఉన్నవారిని ఏ రాష్ట్ర రిజిస్టరులోనైనా చేర్చుకోవచ్చునని చెప్పింది. 2023లో పార్లమెంటు దాని స్థానంలో రాదగిన కొత్త కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. అందులోనూ రాష్ట్ర రిజిస్టర్లు ఉన్నవి. ఒక విచిత్రం చెప్తాను. 1926లో మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. ఆ కాలంలో గుంటూరూ బళ్ళారీ ఒకే రాజధానిలోని జిల్లాలు. గుంటూరు నర్సు బళ్ళారికి పోయినా ఆమె రిజిస్టరు మారదు. 1953లో ఆంధ్ర ఏర్పడి, బళ్ళారి మైసూరులో కలిసిన తరువాత, అదే రైలులో అదే ఊరికి పోయే నర్సుకు మధ్యన ఒక సరిహద్దు లేచింది. 2014 తరువాత హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య కూడ లేచింది. ఉమ్మడి రాష్ట్రంలో నమోదైనవారు తమ పేరు ఇప్పుడు ఏ కౌన్సిల్ లెక్కలో నడుస్తున్నదో ముందు తెలిసికొని మరీ బయలుదేరవలె.

పద్ధతి కష్టమైనది కాదు. సొంత రాష్ట్రపు కౌన్సిల్‌కు దరఖాస్తు, రుసుము పంపితే వారు పాత నమోదును పరిశీలించి నిరభ్యంతర పత్రం ఇస్తారు. దానిని ఆధారం చేసుకొని ఇక్కడి కౌన్సిల్ కొత్త నంబరు ఇస్తుంది. కష్టమల్లా కాలంతోనే. అక్కడ రాజీనామా ఇచ్చి, సామాను లారీకెత్తించి, ఇక్కడ అద్దెకు దిగిన తరువాత దరఖాస్తు పెట్టే అమ్మాయికి నంబరు వచ్చేదాకా జీతం ఉండదు. లేదా ఏదో చిన్న నర్సింగ్‌హోమ్‌లో సహాయకురాలి జీతానికి నర్సు పని చేయవలసి వస్తుంది. అక్కడ ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు పెట్టండి. ఈ ఒక్క మాట మీ బంధువులలోని నర్సులకు చేరవేసినా నా ప్రసంగం వృథా కాదు.

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పదవ తరగతి సర్టిఫికేటులో పుట్టింటి ఇంటిపేరు, పొడి అక్షరంగా ముందు ఉంటుంది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పూర్తిగా, ఒక్కొక్కప్పుడు వెనుక ఉంటుంది. రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు చేయడానికి అఫిడవిట్లు వ్రాయించుకొంటూ తిరగవలె. అసలు సర్టిఫికేట్లు తమ బీరువాలో తాకట్టు సొమ్మువలె ఉంచుకొనే ఆసుపత్రులు కూడ ఉన్నవి. నేను మొదట పనిచేసిన చోట నావి తిరిగి చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అనుభవ పత్రం తీసికొనేటప్పుడు "మంచి నడవడి కలది" అన్న ఒక్క ముక్కతో తృప్తిపడరాదు. ఎన్నేళ్ళు ప్రసూతి వార్డులో, ఎన్నేళ్ళు ఆపరేషన్ థియేటరులో, ఎన్నేళ్ళు ఐ.సి.యు.లో అన్నది తేదీలతో వ్రాయించుకోవలె. ఇక్కడ జీతం కట్టేది ఆ వాక్యాన్ని చూచే.

కాగితాలు ఒక ఎత్తు, మాట ఒక ఎత్తు.

కన్నడం మనకు దగ్గర భాష, పది రోజులలో వచ్చేస్తుందని అందరూ అంటారు. అంగడిలో అది నిజమే. మన పాలు వారి హాలు, మన పువ్వు వారి హూవు, మన పొట్ట వారి హొట్టె. ఈ వరస పట్టుకొంటే సగం భాష వచ్చినట్లుంటుంది. కాని రోగి మంచం దగ్గర ఈ దగ్గరితనమే మోసం చేస్తుంది. "సుస్తు" అని రోగి అంటే మన చెవికి సుస్తీ, అంటే జబ్బు అని తోస్తుంది. ఆయన చెప్పేది నీరసం. "ఎదె ఉరి" అన్నప్పుడు ఉరి అంటే మనకు ఉరితాడే గుర్తుకు వస్తుంది. ఆయన చెప్పేది గుండెలో మంట. అది పులితేన్పు కావచ్చు, గుండెపోటు కావచ్చు, వెంటనే చూడవలసిన సంగతి. "ఉసిరు కట్తా ఇదె" అని పెద్దావిడ గొణిగితే, ఎవరి ఉసురో తగిలిందని ఏడుస్తున్నదనుకొంటే ప్రమాదం. ఆమెకు ఊపిరి ఆడడం లేదు.

ఇది కర్ణాటకకే చెందిన చిక్కు కాదు. షోలాపురంలో మరాఠీ రోగి "చక్కర్ యేతే" అంటే తెలుగు నర్సు మనసు చక్కెర మీదికి, మధుమేహం మీదికి పోతుంది. ఆయనకు కళ్ళు తిరుగుతున్నవి. బరంపురంలో ఒడియా ముసలమ్మ "ముండొ" అనగానే మన పిల్ల ముఖం ఎర్రబడుతుంది. పాపం, ఆమె తలనొప్పి చెప్పుకొంటున్నది!

నొప్పిని సున్న నుంచి పది వరకు అంకెలలో చెప్పమని అడగడం ఇప్పుడు ఆసుపత్రులలో పద్ధతి. రామనగరం పల్లెలనుంచి వచ్చిన రైతు అంకె చెప్పడు. పొడుస్తున్నదా, మండుతున్నదా, పట్టేసినట్లున్నదా అన్నది తన మాటలో చెప్తాడు. అనుభవం ఉన్న నర్సు గొప్పతనమంతా ఆ మాట వినడంలోనే ఉన్నది. ఆమె చేతికి సూది తెలుసును, కంటికి పాలిపోయిన ముఖం తెలుసును. చెవి ఒక్కటే మళ్ళీ ఒకటవ తరగతిలో కూర్చున్నది. చార్టు ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరు ఇంగ్లీషులో మాట్లాడతాడు, కనుక పని జరిగిపోతున్నట్లే పైకి కనిపిస్తుంది. రాత్రి రెండు గంటలకు డాక్టరు లేనప్పుడు తెలుస్తుంది ఆ లోటు.

భాష నేర్పే మొదటి గురువు వార్డులోని ఆయమ్మే. ఆమెతో స్నేహం చేయండి. "ఊట ఆయ్తా?" అని పలకరిస్తే చాలు, భోజనమైందా అన్న ఆ ఒక్క పలకరింపుతో మనుష్యులు దగ్గరౌతారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పవలె. కొత్తగా నేర్చేవారు పొట్టిగా ఉన్నదని "బా, కూతుకో" అని పట్టుకొంటారు. అది చిన్నపిల్లలతో అనే మాట. తాత వయసువారిని "బన్ని, కూతుకొళ్ళి" అనవలె. మన రండి, కూర్చోండి వంటిదే.

ఇక హోదా. పదిహేనేళ్ళ అనుభవం కలావిడను మూడేళ్ళ అమ్మాయి కింద వేస్తారు. ఆ ఆసుపత్రి ఫారాలు, కంప్యూటరు, అత్యవసర మందుల బండి ఉండే చోటు తెలిసేవరకు కొన్ని వారాలు అది న్యాయమే. ఏడాది గడిచినా అట్లే ఉంచితే న్యాయం కాదు. మర్యాదగా, వ్రాతపూర్వకంగా అడగవలె. ప్రభుత్వ కొలువు వదలి వచ్చేవారు మరింత ఆలోచించవలె. రాష్ట్ర కొలువులోని సీనియారిటీ సరిహద్దు దాటి రాదు. రైల్వేలవంటి కేంద్ర కొలువులో కూడ సొంత కోరికపై జోను మారితే అక్కడి వరుసలో చివర నిలబడవలసిందే.

సంఘాన్ని నేను కోరేది చిన్న ఏర్పాటు. ఆదివారం ఉదయం తొమ్మిదినుంచి పదిన్నరవరకు ఈ హాలు పక్క గది ఇవ్వండి. కన్నడ మాధ్యమంలో పాఠం చెప్పి విశ్రాంతి తీసికొన్న మన తెలుగు ఉపాధ్యాయినులు ఇద్దరు రావడానికి ఒప్పుకొన్నారు. పాఠ్యపుస్తకం అక్కరలేదు, నొప్పి మాటలు, తిండి మాటలు, మర్యాద మాటలు చాలును. కాగితాలు వ్రాసిపెట్టడానికి ఒక పెద్దమనిషి కూడ కావలె. రాత్రి డ్యూటీ దిగినవారు ఎనిమిదిన్నరకే తిన్నగా ఇటు వస్తారు గనుక, గది తాళం ఎనిమిదికే తీయించి, కాస్త కాఫీ దొరికేటట్లు చూడవలెనని కార్యదర్శిగారికి మనవి.