విమర్శకు చిత్రకారుని సమాధానము

గాయకుడు రాగాలాపన చేస్తూ ఉంటే దానికి అర్థమేమిటని మనలో ఎవరమూ అడగము. మాటలు లేకపోయినా తోడి తోడిగానే మనస్సుకు ఎక్కుతుంది. చిత్రపటము ఎదుట నిలిచినప్పుడు మాత్రము, ఇది ఏమిటన్న ప్రశ్న మన నోట తప్పక వస్తుంది. తెలిసిన చెట్టో మనిషో అందులో కనిపించకపోతే చిత్రకారుడు మనలను మోసగించినాడేమో అనిపిస్తుంది. ఈ అనుమానము ఒకసారి న్యాయస్థానము దాకా వెళ్లినది. ఆ వృత్తాంతమును శ్రోతలకు మనవి చేస్తాము.

1877లో లండన్ నగరములో గ్రోవనర్ గ్యాలరీ అనే చిత్రశాలను తెరిచినారు. అక్కడ స్థిరపడిన అమెరికా చిత్రకారుడు జేమ్స్ విస్లర్ అందులో ఉంచిన పటములలో ఒకటి, క్రిమార్న్ ఉద్యానములో రాత్రివేళ కాల్చిన బాణసంచాను చూపుతుంది. చూపుతుందనడము కూడా అతిశయోక్తియే. పటమంతా చీకటి, పొగ. ఆ చీకటిలో రాలిపోతున్న బంగారు రవ్వలు. దానికి ‘నలుపు బంగారు వన్నెల నాక్టర్న్’ అని పేరు పెట్టినాడు. నాక్టర్న్ అంటే పాశ్చాత్య సంగీతములో రాత్రి భావమును పలికించే వాద్యరచన. వెల 200 గినీలు.

ఆనాటి ఇంగ్లండులో కళావిమర్శకు జాన్ రస్కిన్ పెద్ద దిక్కు. రంగుడబ్బాను ప్రజల ముఖాన కుమ్మరించి ఇంత సొమ్ము అడుగుతున్నాడని ఆయన విస్లర్‌ను తన పత్రికలో దుయ్యబట్టినాడు.

ఈ రస్కినే 1843లో, ఇరవై నాలుగేండ్ల వయస్సులో, ‘మాడరన్ పెయింటర్స్’ మొదటి సంపుటమును ప్రకటించినాడు. ఆ గ్రంథము పుట్టినదే టర్నర్ అనే చిత్రకారుని పక్షము వహించడానికి. టర్నర్ 1842లో ప్రదర్శించిన మంచు తుఫాను చిత్రమును సబ్బునురుగు, సున్నపునీరు అని ఎగతాళి చేసినారు. టర్నర్ అటువంటి వాటికి బదులు వ్రాసే మనిషి కాడు. అంతకుముందు 1836లో పదిహేడేండ్ల రస్కిన్ తన తరఫున వ్రాసిన వ్యాసమును అచ్చువేయించమని కూడా ప్రోత్సహింపలేదు. ఆ నురుగులో సముద్రమును చూడగలిగిన కన్ను ముప్ఫైనాలుగేండ్లు గడిచేసరికి చీకటిలో రవ్వలను చూడలేకపోయినది. విమర్శకుని జీవితములో ఇంతకన్న విచారకరమైన ఘట్టము మాకు తోచదు.

విస్లర్‌ది టర్నర్ స్వభావము కాదు. 1000 పౌండ్ల పరిహారము కోరుతూ పరువునష్టము దావా వేసినాడు. 1878 నవంబరు 25, 26 తేదీలలో విచారణ జరిగినది. రస్కిన్ అస్వస్థుడై రాలేదు. జ్యూరీ సభ్యులను సమీపములోని హోటలుకు తీసికొనిపోయి పటములు చూపించినారు. పూర్తిచేసిన చిత్రము ఎట్లా ఉంటుందో తెలియడానికని, టిషియన్‌దని అప్పుడు భావించిన ఒక పటమును కూడా ప్రతివాదులు ప్రదర్శించినారు! రెండు రోజుల పనికి 200 గినీలా అని రస్కిన్ తరఫు న్యాయవాది ప్రశ్నించినాడు. కాదు, జీవితమంతా పనిచేసి గడించిన జ్ఞానానికి అని విస్లర్ జవాబిచ్చినాడు.

ఆ ప్రశ్నను పరిహసించడము సులభము. మేము పరిహసింపము. ఎద్దును కొనేవాడు పళ్లు పట్టి చూస్తాడు. పటము కొనేవాడు ఏమి పట్టి చూడాలి? పడిన శ్రమ ఒక్కటే అతనికి తెలిసిన కొలత. విస్లర్ ఆ ప్రశ్నను తోసివేయక కొలతనే మార్చినాడు. అందుకే ఆ జవాబు నిలిచినది. కాని అభిరుచిని పన్నెండుగురి చేత తీర్పు చెప్పించుకోవాలనుకోవడము మాత్రము తెలివైన పని కాదు.

దావా గెలిచినాడు. పరిహారము ఒక ఫార్దింగు, అంటే పెన్నీలో నాలుగవ వంతు! ఖర్చులు ఇప్పించలేదు. 1879లో దివాలా తీసినాడు. కట్టించుకున్న ఇల్లు పోయినది. రస్కిన్ ఖర్చులను మిత్రులు చందాలు వేసి చెల్లించినారు. ఆయన ఆక్స్‌ఫర్డ్ ఆచార్యపదవిని వదులుకున్నాడు.

విస్లర్ వెనిస్ నగరమునకు వెళ్లినాడు. ఒక సంస్థ అడిగినది పన్నెండు ఎచింగులు, అంటే రాగిరేకుపై ఆమ్లముతో గీతలు తీసి అచ్చువేసే చిత్రములు. పద్నాలుగు నెలలు ఉండి సుమారు యాభై చేసినాడు. రంగుసుద్దలతో వేసినవి వేరే ఉన్నవి. పేరుపొందిన భవనములకన్న సందుగొందులు, వాకిళ్లు, నీటిమీది వెలుగు ఆయనను ఆకర్షించినవి. విమర్శకులు మళ్లీ పెదవి విరిచినారు. 1883లో వెనిస్ చిత్రములను తిరిగి ప్రదర్శించినప్పుడు, విమర్శకులు ఆడిన పరుషవాక్యములనే ఏరి, పట్టికలో ఒక్కొక్క చిత్రము పేరు క్రింద అచ్చువేయించినాడు. చూడవచ్చినవాడు ఆ మాట చదువుతాడు, ఈ పటము చూస్తాడు. విస్లర్ చమత్కారములన్నింటిలోను మాకు నచ్చినది ఇదే. న్యాయమూర్తి లేడు, జ్యూరీ లేదు, చూపరి ఒక్కడే.

మన రవీంద్రుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మార్గము త్రొక్కినాడు. వార్ధక్యములో కుంచె పట్టి, 1930లో పారిస్ నగరములో తన చిత్రములను ప్రదర్శించినప్పుడు, ఆ మాటల మహారాజు తన పటములకు పేర్లయినా పెట్టదలచలేదు. వ్యక్తము చేయడమే వాటి పని, వివరించడము కాదన్నాడు.

రస్కిన్ తిట్టిన పటము 1892లో 800 గినీలకు అమ్ముడుపోయినది. 1946 నుంచి అది అమెరికాలో డెట్రాయిట్ నగర కళాశాలలో ఉన్నది. సుమారు రెండడుగుల ఎత్తు. దగ్గరకు పోతే రంగుచుక్కలు. నాలుగడుగులు వెనుకకు వేస్తే, ఆరిపోతున్న తారాజువ్వ.