తపేలా అడుగున తెల్ల పొర

దసరా వెళ్లింది. ఈశాన్య వానలు నేడో రేపో అన్నట్టున్నాయి. ఇంటి ఖర్చు తగ్గించుకునే దారుల గురించి నాలుగు మాటలు చెప్పమని ఈ రేడియో కార్యక్రమం వాళ్లు అడిగారు. వైద్యుణ్ని పట్టుకుని ఖర్చుల సంగతి అడగడమేమిటి అనుకున్నాను గానీ, మీ ఉత్తరాల కట్ట విప్పాక అర్థమైంది. వరికుంటపాడు, దుత్తలూరు, ఉదయగిరి, ఇటు ఆత్మకూరు, ఎటు చూసినా ఒకటే గోడు. "ఫ్లోరైడు పోవాలని రోజూ నీళ్లు మరగబెడుతున్నాం. గ్యాస్ బండ నెల తిరక్కుండానే అయిపోతోంది. గ్యాస్ ఆదా అయ్యే ఉపాయం చెప్పండి" అని.

ఉపాయం చిన్నదే. పొయ్యి ఆపేయండి.

మరిగిస్తే ఫ్లోరైడు పోదు. వంటింట్లో చప్పుళ్ల మధ్య వింటున్నవాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను, మరిగిస్తే ఫ్లోరైడు పోదు. మరిగిస్తే చచ్చేవి క్రిములు, వాటికి ప్రాణముంది కాబట్టి. ఫ్లోరైడుకు ప్రాణమే లేదు, ఇక చావడమేముంది? నీళ్లే ఆవిరై పోతాయి, అది మాత్రం గిన్నెలోనే ఉండిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు 10 లీటర్లు పొయ్యి మీద పెట్టి, మరిగీ మరిగీ 7 లీటర్లు మిగిలాయనుకోండి. ఇప్పుడు లీటరుకు దాదాపు 3 మిల్లీగ్రాములు తాగుతున్నారన్నమాట. మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

ఇక గ్యాస్ లెక్క. లీటరు నీళ్లు తెర్లే దాకా తేవడానికి ఎంత గ్యాస్ అవుతుందో, ఆ లీటరును ఆవిరిగా పైకి పంపడానికి దానికి ఏడు రెట్లకు పైగా అవుతుంది. రోజూ 10 లీటర్లు మరిగించి 3 లీటర్లు ఆవిరి చేసే ఇంట్లో, ఒక్క ఈ పనికే 14.2 కిలోల బండ సుమారు 40 రోజుల్లో ఖాళీ. అదే నీళ్లు తెర్లగానే దించేస్తే బండ నాలుగు నెలలొస్తుంది. క్రిముల భయానికి కాచుకునేవాళ్లకు అంతే చాలు. నీళ్లు కుతకుతమని తెర్లాయంటే క్రిముల పని అయిపోయినట్టే. పావుగంట, అరగంట మరిగించక్కర్లేదు.

ఈ పొరపాటులో మా వైద్యుల వాటా కూడా ఉంది, ఒప్పుకోవాలి. వానాకాలం వచ్చిందంటే చాలు, కాచి చల్లార్చి తాగండి అని ఊరూరా చెప్పేది మేమే. విరేచనాలకూ టైఫాయిడుకూ కామెర్లకూ చెప్పిన మాట అది. జనం దాన్ని ఫ్లోరైడుకు కూడా వర్తింపజేసుకున్నారు. మంచినీళ్లంటే కాచిన నీళ్లే అనుకున్నారు. ఆ తేడా మేం విడమరిచి చెప్పలేదు.

మొన్నామధ్య వరికుంటపాడు వైపు నుంచి ఒక అవ్వ, కోడలు వచ్చారు. అవ్వకు మోకాళ్లు వంగవు, మెడ తిప్పలేదు. కోడలి ఫిర్యాదు వేరు. "సారూ, మా అత్త తెల్లారుజామున లేచి పెద్ద తపేలాలో నీళ్లు పెడుతుంది. మూడో వంతు ఇగిరే దాకా దించనియ్యదు. గ్యాస్ అంతా దానికే పోతాంది, మీరన్నా చెప్పండి" అంది. నేను చెప్పాను. అవ్వ నవ్వింది. నవ్వి, "ఎట్టా పోదు సారూ? తపేలా అడుగున తెల్లగా పేరుకుంటాంది కదా, గోకితే పొడి రాలుద్ది. అదే ఫ్లోరైడు. అడుక్కి దిగిపోతాంది" అంది. నిజంగానే ఒక కాగితంలో ఆ పొడి పొట్లం కట్టుకుని తెచ్చింది, సాక్ష్యానికి!

ఆ తెల్ల పొర చాలా ఇళ్లలో ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. అది సున్నం. పప్పు ఓ పట్టాన ఉడకనివ్వని గట్టినీళ్లలో ఉండే సున్నం. దాన్ని చూసి ఫ్లోరైడు దిగిపోయిందని సంబరపడకండి.

ఈ మాటకు అవ్వ లొంగలేదు. "అవ్వా, చారు మరిగేకొద్దీ ఉప్పు తగ్గుతుందా, ఎక్కువవుతుందా?" అని అడిగాను. "ఎక్కువైతాది. నోట్లో పెట్టుకోలేం" అంది. "మరి ఫ్లోరైడైనా అంతే కదా?" అన్నాను. కాసేపు ఆలోచించింది. దారికొచ్చిందనుకున్నాను. "అట్టయితే ఇగిరినాక ఇంకో రెండు చెంబులు పోసుకుంటా. చారులో పోయటంలా?" అంది. "ఆ రెండు చెంబులు ఎక్కడివి అవ్వా?" అంటే, "మా బోరువే!" కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట పదిమంది రోగులు కూర్చుని ఉన్నారు, నేనేమో అవ్వతో చారు పంచాయతీలో ఉన్నాను. ఇక్కడ కూడా అద్దం అవతల నుంచి గడియారం చూపిస్తున్నారు. త్వరగా చెబుతాను.

మన మెట్టకు ఫ్లోరైడు కొత్త కాదు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో బిగుసుకుపోయిన నడుములు చూసి, కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడేనని రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి కూడా ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవే. అంటే వంటింటికి గ్యాస్ బండ రాకముందటి జబ్బు ఇది.

పైసా ఖర్చు పెట్టేముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలున్నాయి. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఆడవాళ్లకే పరీక్ష పెట్టెలిచ్చి నేర్పించే పద్ధతి ఉంది, పంచాయతీలో అడగండి. పక్కింటి బోరులో ఎక్కువుంటే మీ బోరులోనూ అంతే ఉండాలని లేదు. కొన్నిచోట్ల ఒకే వీధిలో తేడా ఉంటుంది.

ఉత్తరాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి మరొకటుంది. తాగడానికి క్యాన్ నీళ్లు కొంటున్నారు, వంటకు మాత్రం బోరు నీళ్లే. ఆదా అట! అన్నం నీళ్లు పీల్చుకోకుండా ఉడుకుతుందా? పప్పు, సంగటి, పులుసు, అన్నీ ఆ నీళ్లతోనే కదమ్మా. డబ్బు పెట్టి ముందు వాకిలి మూసి, పెరటి వాకిలి తీసి పెట్టినట్టుంది. బట్టలకు, స్నానానికి, గిన్నెలకు బోరు నీళ్లు వాడుకోండి, భయం లేదు. నోట్లోకి వెళ్లేదానికే మంచినీళ్లు.

కుండ, గుడ్డ వడపోత, క్యాండిల్ ఫిల్టరు, ఇవేవీ ఫ్లోరైడును ఆపవు. ఆర్‌ఓ మిషను ఆపుతుంది. అయితే దాని పక్క గొట్టంలోంచి పోయే నీళ్లలో ఫ్లోరైడు ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని గేదెల తొట్టిలో పోయకండి, ఇల్లు తుడవడానికి వాడండి. పటిక, సున్నంతో తీసే నల్లగొండ పద్ధతి ఉంది, నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. మంచి పద్ధతే. కానీ దానికి కొలత ముఖ్యం, చేతికొద్దీ పటిక తిప్పి వదిలేస్తే పని జరగదు.

అన్నిటికంటే చవకైనది ఈ వారమో వచ్చే వారమో మీ ఇంటి పైకప్పు మీద పడబోతోంది. వాన నీళ్లలో ఫ్లోరైడు లేనట్టే. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు ఉన్న కప్పు మీద అంగుళం వాన పడితే 230 లీటర్ల పైచిలుకు నీళ్లు. కప్పు ఊడ్చి, మొదటి వాన వదిలేసి, తర్వాతది పట్టండి. మూతపెట్టి దాచండి. అవి తాగేముందు కాచుకోండి, ఇక్కడ కాచడానికి అర్థముంది. తెర్లగానే దించేయండి, మరిచిపోకండి.

నొప్పుల బిళ్లల గురించి ఒక్క మాట. డాక్టరు ఫీజు మిగులుతుందని మందుల షాపులో అడిగి రోజూ మింగేవాళ్లున్నారు. అవి కిడ్నీలను తినేస్తాయి. ఒంట్లోంచి ఫ్లోరైడును బయటకు పంపేది ఆ కిడ్నీలే. మిగిల్చిన ఫీజు ఎక్కడికి పోతుందో మీరే లెక్కేసుకోండి. ఆ డబ్బుతో పిల్లలకు పాలు, మజ్జిగ, రాగి సంగటి, మునగాకు, జామకాయ పెట్టండి. చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2002లో ప్రచురించారు. పులుసు తిని బోరు నీళ్లు తాగొచ్చని మాత్రం దానికి అర్థం కాదు. ఈ మాట వినగానే ఉత్తరాలు రాస్తారని ముందే చెబుతున్నాను.

అవ్వ పోయిన మంగళవారం మళ్లీ వచ్చింది. తపేలా అటకెక్కించిందట, వంటకు కూడా క్యాన్ నీళ్లే పోస్తున్నారట. కోడలు సంతోషంగా ఉంది. "గ్యాస్ బాగా మిగులుతాంది సారూ, అందుకే పూటకు రెండుసార్లు టీ కాస్తాండా, చిక్కగా!" అంది అవ్వ. టీ ఆకులోనూ ఫ్లోరైడు ఉంటుంది, చిక్కబడేకొద్దీ ఎక్కువ దిగుతుంది. ఆ సంగతి అప్పుడే చెబుదామంటే నాకు ధైర్యం చాలలేదు. వచ్చే మంగళవారం రమ్మన్నాను.