మంత్రిపదవియు నొక వకాలతే

(శ్రీ కొండా లక్ష్మణ్ బాపూజీ జయంతి సందర్భమున ఇచ్చోడ పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



మన జిల్లాలో పుట్టి, వకీలుగను, శాసనసభ్యుడుగను పేరొందిన ఒక మహాశయుని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఈ పఠనమందిర కార్యకర్తలు మమ్ము కోరిరి. మేమును వకీలువృత్తిలోనివారమే. తన వృత్తివానిని పొగడుట ఎవనికైనను సులభము. ఆయన జీవితమును కొలబద్దగా నిలిపి మమ్ము మేము కొలుచుకొనుట కొంచెము కష్టము. నేడు ఆ కష్టమైన పనికే పూనుకొంటిమి. మీరు ఓపికతో ఆలకింపుడు.

లక్ష్మణ్ బాపూజీగారు 1915 సెప్టెంబరు 27వ తేదీన వాంకిడిలో జన్మించిరి. ఆ గ్రామము నాడు ఆదిలాబాదు జిల్లాలోనిది. నేడు కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో మహారాష్ట్రపు సరిహద్దున నున్నది. వారిది పద్మశాలి కుటుంబము. పసితనముననే తల్లి గతించినది. అట్టి బాలుడు ఆసిఫాబాదులోను హైదరాబాదులోను చదివి, న్యాయశాస్త్రము ముగించి, 1940లో వకీలువృత్తిలో ప్రవేశించెను.

ఆ 1940వ సంవత్సరమును మన ప్రాంతమువారు మరువరాదు. ఆ యేడే జోడేఘాట్ కొండలలో కొమురం భీం సర్కారు తుపాకులకు బలియయ్యెను. అడవి కొట్టి దున్నుకొన్న నేలపై తమకు హక్కు కలదని గోండులు, కోలాములు మొరపెట్టుకొనిరి. ఆ మొర ఆలకించువారు లేరైరి. కోర్టుల భాష ఉర్దూ. కొండలలోని వాది భాష గోండి. ఆ రెండింటి నడుమ నిలిచి మాటాడగల మనిషి దొరకనిచోట తుపాకి మాటాడెను. ఆసిఫాబాదు అడవుల వైపునుండియే అదే యేట ఒక యువకుడు నల్లకోటు తొడిగెను.

ఆనాటి నిజాము రాజ్యమున వకీలు స్థితి యెట్టిదో చెప్పవలసియున్నది. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు వలన ముందుగా అనుమతి లేనిదే సభ జరుపుటకు వీలులేదు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సక్రమముగా ఏర్పడకమునుపే నిషేధింపబడినది. వీధిలో నోరు మెదపరాని అట్టి రాజ్యమున న్యాయమూర్తి యెదుట నిలిచి, రైతుకు కలిగిన అన్యాయమును గొంతెత్తి చెప్పు అధికారము వకీలు కొకనికి మిగిలియుండెను. లక్ష్మణ్‌గారు ఆ అధికారమును వాడుకొనిరి. ఆంధ్రమహాసభలో పనిచేసిరి, 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమున దిగిరి, దొరల దౌర్జన్యమున కెదురు నిలిచి కేసులలో చిక్కిన పేదల పక్షమున వాదించిరి. విసునూరు దేశముఖు నెదిరించిన చాకలి ఐలమ్మకు ఆయన అండగా నిలిచి వాదించిన సంగతి తెలంగాణమున నేటికిని చెప్పుకొందురు.

1947 డిసెంబరు 4న హైదరాబాదులో నారాయణరావు పవార్ అను యువకుడు నిజాము కారుపై బాంబు విసరెను. ఆ కేసులో లక్ష్మణ్‌గారి పేరును జేరుటచే ఆయన అజ్ఞాతవాసమునకు పోవలసివచ్చెను. న్యాయస్థానపు తలుపులు మూసిన రాజ్యమున, చట్టము చదివినవాడు సైతము చట్టమునకు దూరముగ పరుగెత్తవలసి వచ్చును. 1948 సెప్టెంబరు 17న నిజాము సర్కారు లొంగిపోయిన పిదపనే ఆ దినములకు ముగింపు కలిగెను.

1952లో హైదరాబాదు రాష్ట్రమున జరిగిన మొదటి ఎన్నికలలో ఆసిఫాబాదు ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. 1957లో చిన్నకొండూరునుండి గెలిచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతి యైరి. 1960లో దామోదరం సంజీవయ్యగారి మంత్రివర్గమున చేరిరి. 1967, 1972 సంవత్సరములలో భువనగిరి వోటర్లు ఆయననే ఎన్నుకొనిరి. ఈ యేండ్లన్నిటను నేతపనివారి సహకారసంఘముల కొరకు ఆయన పాటుపడిరి. షావుకారు నూలిచ్చి, బట్ట తీసికొని, కూలి మాత్రము చేతబెట్టు పద్ధతిలో నేతగాడు తన మగ్గముపైననే కూలివాడగును. నూలు కొనుటయు బట్ట అమ్ముటయు సంఘము చేతికి వచ్చిననాడే లాభములో నేతగాని కొక పాలు దక్కును. చట్టసభలో కూర్చుండియు మగ్గము చప్పుడు మరువని శాసనసభ్యులు తక్కువ.

ఇక ముఖ్యమైన ఘట్టము. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందము తెలంగాణమునకు ఉద్యోగముల విషయమునను, మిగులు నిధుల విషయమునను రక్షణలు వాగ్దానము చేసెను. ఆ యేడు నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. వాగ్దానములు నిలువలేదని 1969లో విద్యార్థులు వీధులకెక్కిరి. అప్పుడు లక్ష్మణ్‌గారు కాసు బ్రహ్మానందరెడ్డిగారి మంత్రివర్గమున మంత్రి. ఆయన పదవికి రాజీనామా యిచ్చి ఉద్యమమున చేరిరి. మరల ఎన్నడును మంత్రి కాలేదు.

దీనిని త్యాగమని అందరును అందురు. మేము వకీలు కంటితో చూచుచున్నాము. క్లయింటు నమ్మి చేవ్రాలు చేసిన వకాలతునామా వలననే కోర్టులో మా నోటికి అధికారము. అతని మాటను చెప్పలేని స్థితి వచ్చిన దినమున ఆ కాగితమును గౌరవముగ తిరిగి యిచ్చివేయుట వకీలు ధర్మము. ఫీజు ముట్టినదని పట్టుకొని వ్రేలాడరాదు. మంత్రిపదవియు నట్టి వకాలతే; చేవ్రాలు చేసినవారు వోటర్లు. ఆ లెక్క ఆయనకు తెలిసియుండెను.

అమెరికా దేశమున జాన్ ఆడమ్స్ అను వకీలుండెను. 1770లో బోస్టను నగరమున ఆంగ్ల సైనికులు జనముపై కాల్పులు జరిపిరి. ఆడమ్స్ ఆంగ్ల ప్రభుత్వమునకు విరోధి యయ్యును, ఆ సైనికుల పక్షమున వాదించెను. స్వజనుల నిందకు వెరచి కేసు విడువలేదు. తరువాత స్వాతంత్ర్య ప్రకటనకు పాటుపడి, ఆ దేశమునకు రెండవ అధ్యక్షుడాయెను. ఆయన వకాలతును నిలుపుకొనెను, మనవాడు విడిచిపుచ్చెను. ఇద్దరును నమ్మినవాని పట్ల ధర్మమునే చూచిరి.

జయంతి సభలలో దాచెడి సంగతి యొకటి కలదు. హుస్సేన్‌సాగరు తీరమున జలదృశ్యము అను వారి నివాసముండెను. 2001 ఏప్రిలు 27న తెలంగాణ రాష్ట్ర సమితి అక్కడనే స్థాపింపబడెను. ఆ స్థలముపై నడచిన వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయి, 2002లో ఆయనకు ప్రతికూలముగా తీర్పు వచ్చెను. ఇతరుల నేలకై వాదించినవాడు తన స్థలపు దావాలో ఓడెను, కట్టడము కూలెను. అయినను ఇంటితో పాటు ఉద్యమమును పోగొట్టుకొనలేదు. పండు ముదిమిలో ఢిల్లీ చలిలో జంతర్‌మంతర్ వద్ద దీక్షలో కూర్చుండిరి. 2012 సెప్టెంబరు 21న కన్నుమూసిరి. 2014 జూన్ 2న వచ్చిన తెలంగాణమును ఆయన చూడలేదు.

ఇప్పుడు మా సంగతి చెప్పెదము. 2011లో సకల జనుల సమ్మె నలువది రెండు దినములు సాగెను. మేము వకీళ్ళము కోర్టులను బహిష్కరించి శిబిరములలో కూర్చుంటిమి. ఒకనాడు ఒక గోండు వృద్ధుడు ప్లాస్టికు సంచిలో మడిచిన కాగితము తెచ్చి మా చేతబెట్టెను. సమ్మె ముగియనిండు, పెద్దాయనా, అప్పుడు చూతమంటిమి. ఆయన తలయూపి పోయెను. అటవీహక్కుల చట్టము క్రింద పోడుభూమికై పెట్టుకొన్న దరఖాస్తును డివిజను కమిటీ త్రోసిపుచ్చిన కాగితమది. జిల్లా కమిటీకి చెప్పుకొనుటకు గడువు అరువది దినములు. మేము తెరచి చదువునప్పటికి గడువు దాటి తొమ్మిది దినములాయెను.

ఆ తప్పు సర్కారుది కాదు, సమ్మెది కాదు, మాది. తెలంగాణము కొరకే కూర్చుంటిమి గాని, తెలంగాణము కాగితము చేతబట్టుకొని మా యెదుటికి వచ్చినప్పుడు గుర్తింపలేకపోతిమి. ఉద్యమమును వకాలతును ఒకే భుజమున మోసిన లక్ష్మణ్‌గారిని తలచినప్పుడెల్ల ఆ తొమ్మిది దినములు మాకు గుర్తువచ్చును.

కావున ఈ పఠనమందిరమునకు మా మనవి యిది. ప్రతి వారపు సంతనాడు ఇక్కడ ఒక బల్ల వేయుడు. చదువువా డొకడు, వ్రాయువా డొకడు, గోండి తెలిసినవా డొకడు కూర్చుండవలెను. ఒక పుస్తకమున వచ్చినవాని పేరు, కాగితము అందిన తేదీ, గడువు ముగియు తేదీ వ్రాయవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము షెడ్యూల్డు తెగలవారికి, కులములవారికి, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. ఆ హక్కు కలదని వారికి చెప్పు నోరు కావలెను.

పటమునకు పూలదండ వేసి పోవుట అయిదు నిముషముల పని. రానున్న సంతనాడు ఉదయము తొమ్మిది గంటలకు మేము ఇక్కడ నుందుము. మొదటి బల్ల, మొదటి పుస్తకము మేమే తెచ్చెదము. వ్రాయ నేర్చినవారు కలముతో రండు.