పసివాడితో మొదటిసారి నీళ్ళలోకి

(వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి, ఉద్యోగాల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి పెద్దలు ఎన్నో మంచి మాటలు చెప్పారు. వాటి నడుమ మేము ఎన్నుకున్న విషయం కొందరికి వింతగా తోచవచ్చు. రెండేళ్ళు నిండని పసివాడిని ఈతకొలనుకు తీసుకువెళ్ళడం కూడా ఒక ప్రసంగ విషయమేనా అని అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టి వినవలసిందిగా మనవి. ఇది మేము దంపతులం ఇద్దరం కూర్చుని వ్రాసుకొచ్చిన కాగితం. ఇందులో తప్పులుంటే అవి మా ఇద్దరివీ.

ముందు మా ఇంటి సంగతి చెప్పవలసి ఉన్నది. మాది కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఒక పల్లె. ఇంటి వెనుకే కాలువ, కాలువకు రేవు. వేసవిలో కట్టేసిన కాలువలకు జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు గదా. 1971లో అలా ఎర్రనీరు వచ్చిన కొత్తలో, మా అమ్మీ రేవులో బట్టలు ఉతుకుతున్నది. మూడేళ్ళ పిల్లవాడు మెట్టు మీద కూర్చుని ఆడుకుంటున్నాడు. ఆమె ఒక్క చీర జాడించి, పిండి, వెనక్కి తిరిగింది. మెట్టు మీద పిల్లవాడు లేడు. ఆ పిల్లవాడు మాకు పెద్దన్న కావలసినవాడు. మేము ఆ తరువాత పుట్టినవాళ్ళం.

అప్పటినుంచి మా ఇంట్లో నీళ్ళంటే నిషేధం. తోటి పిల్లలంతా ఎండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని కాలువలో ఈత నేర్చుకుంటే మేము గట్టు మీద నిలబడి చూసేవాళ్ళం. మా పిల్లలకూ అదే కట్టుబాటు. యాభై ఏళ్ళపాటు మా ఇంట్లో ఒక్కరికీ ఈత రాలేదు. దాన్నే మేము జాగ్రత్త అనుకున్నాము.

అది జాగ్రత్త కాదని 2024 ఫిబ్రవరిలో తెలిసింది. అప్పటికి మేము పట్నంలో ఉంటున్నాము. కాలువ లేదు, చెరువు లేదు. స్నానాల గదిలో సగం నీళ్ళున్న బకెట్టు ఉన్నది, అంతే. మా మనవడికి అప్పుడు పదిహేడు నెలలు. కోడలు సబ్బు కోసం లోపలికి వెళ్ళింది గనుక సరిపోయింది. వాడు తలక్రిందులుగా బకెట్టులో ఉన్నాడు, కాళ్ళు గాలిలో ఉన్నాయి. ఏడుపు లేదు, కేక లేదు. పక్క గదిలో మేము ఇద్దరం కూర్చుని వార్తలు చూస్తున్నాము.

పిల్లవాడు దక్కాడు. దగ్గు తగ్గకపోవడంతో ఆసుపత్రికి పరుగెత్తాము. వైద్యులు పరీక్ష చేసి, ఒక రాత్రి దగ్గర ఉంచుకుని పంపించారు. పంపిస్తూ ఒక మాట అడిగారు: "మీ ఇంట్లో ఈత ఎవరికి వచ్చు?" మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అబ్బాయి, కోడలు పిల్లవాడిని కొలనుకు తీసుకువెళ్దామన్నారు. అమ్మీ ఒప్పుకోలేదు. "ఆ నీళ్ళకు ఒకణ్ణి ఇచ్చాను, చాలు" అన్నది. ఆ మాటకు ఎవరం ఏం జవాబు చెప్పగలం? మూడు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. చివరకు మే నెలలో ఆమే ఒక షరతు పెట్టింది. తను కూడా వస్తానన్నది, గట్టు మీద కూర్చుంటానన్నది.

పసిపిల్లలను అన్ని కొలనుల్లోనూ రానివ్వరు. ముందుగా వెళ్ళి అడిగాము. పిల్లలకు వేరుగా రెండడుగుల లోతు తొట్టి ఉన్నదా, నీళ్ళలో అడుగున ఉన్న గచ్చు స్పష్టంగా కనిపిస్తున్నదా, కావలి మనిషి ఉన్నాడా అని చూసుకున్నాము. మందు వాసన గుప్పుమంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టని మేము అనుకునేవాళ్ళం. అది పొరపాటని తరువాత తెలిసింది. క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిసినప్పుడే ఆ ఘాటు ఎక్కువవుతుందట. మామూలు డైపరు నీళ్ళు పీల్చి బరువెక్కి జారిపోతుంది. ఈతకు వేరే డైపర్లు దొరుకుతున్నాయి. విరేచనాలయిన పిల్లవాణ్ణి, తగ్గి రెండు రోజులు గడిచేదాకా కొలనుకు తీసుకుపోరాదు. అది తోటి పిల్లల క్షేమానికి.

ఇక ఆ రోజు సంగతి. ఎండ ఎక్కిన తరువాత, జనం పలచబడే వేళ చూసుకుని వెళ్ళాము. వాడికి ఇరవై నెలలు. మొదట గట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు మాత్రం నీళ్ళలో పెట్టించాము. ఇంటినుంచి వాడి స్నానం చెంబే తీసుకువెళ్ళాము. దానితో భుజాల మీద కొంచెం కొంచెం పోస్తే తెలిసిన వస్తువు గనుక నవ్వాడు. తరువాత మా అబ్బాయి నీళ్ళలోకి దిగి, చంకల క్రింద రెండు చేతులతో పట్టుకుని, వాడి మొహం తన మొహానికి ఎదురుగా ఉండేట్టు ఎత్తుకున్నాడు. వాడు తండ్రి మెడ గట్టిగా పట్టుకున్నాడు. మేమెవరం తొందరపెట్టలేదు. పూర్వం కాలువలో తోసేసి ఈత నేర్పేవారని, అలా ముంచితేనే భయం పోతుందని చెప్పుకుంటాము గదా. పసివాడి దగ్గర అది పనికిరాదు. నీళ్ళు మింగుతాడు, భయం ముదురుతుంది. తండ్రి నీళ్ళ మీద బుడగలు ఊదుతుంటే వాడూ ఊదబోయాడు. అదే మొదటి పాఠం. పది, పదిహేను నిమిషాలు చాలు. పసివాళ్ళ ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. పెదవులు నీలమైనా, వణుకు మొదలైనా వెంటనే బయటికి తెచ్చి తుడవాలి.

ఇంతవరకు అంతా బాగానే జరిగింది. బయటికి తెచ్చి తువ్వాలు చుట్టాము. అబ్బాయి స్నానానికి వెళ్ళాడు. మేము ఇద్దరం చెప్పులు, సంచీ సర్దుకుంటున్నాము. పిల్లవాడు నీ దగ్గర ఉన్నాడని ఒకరం, మీ దగ్గర ఉన్నాడని ఇంకొకరం అనుకున్నాము. తువ్వాలు నేల మీద పడి ఉన్నది. పిల్లవాడు మళ్ళీ మెట్టు దిగుతున్నాడు. రెండో మెట్టు మీద, మోకాలి లోతు నీళ్ళలో, అమ్మీ వాడి రెక్క పట్టుకుని ఉన్నది. డెబ్భై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో లేవలేని మనిషి, ఎప్పుడు లేచిందో, ఎలా దిగిందో మాకు తెలియదు. చీర తడిసిపోయింది.

ఆమె మమ్మల్ని కోప్పడలేదు. "చప్పుడు వినబడుతుందని చూడకండి. చప్పుడు రాదు" అన్నది, అంతే.

ఆ రోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు గనుకనే ఈనాడు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాము.

అమ్మీ చెప్పిన మాట అక్షరాలా నిజం. మునిగిపోయేవారు చేతులూపి కేకలు వేస్తారని మనం సినిమాలలో చూశాము. ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలనప్పుడు కేక ఎక్కడినుంచి వస్తుంది? పసివాడికి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. ముందుకు వంగి పడితే తిరిగి లేవలేడు. వాడికి బకెట్టులో జానెడు నీళ్ళే చెరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళలోపు పిల్లలే. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి జూలై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది.

అయితే పసివాడికి ఈత నేర్పితే సరిపోతుందా? అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో, ఏడాది నిండిన పిల్లలకు ఈత పాఠాలు మేలు చేయగలవని చెప్పింది. అదే సంస్థ, పాఠాలు ఎన్ని నేర్చినా పెద్దల కాపలాకు అవి బదులు కావని కూడా చెప్పింది. గాలి నింపిన రబ్బరు చక్రాలు, చేతి పట్టీలు ఆటవస్తువులే. అవి జారిపోతాయి, తిరగబడతాయి. కాబట్టి మేము నేర్చుకున్నది ఒక్కటే. మొదటిసారి కొలనుకు తీసుకువెళ్ళేది బిడ్డకు ఈత నేర్పడానికి కాదు. బిడ్డ నీళ్ళ దగ్గర ఉన్నంతసేపు మన చేయి ఎంత దూరంలో ఉండాలో మనం నేర్చుకోవడానికి. ఆ దూరం ఒక్క చేయి చాచినంత. అంతకు మించితే చూస్తున్నా చూడనట్టే.

ఆనాటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాము. పిల్లవాణ్ణి ఒకరినుంచి ఒకరికి అప్పగించేటప్పుడు నోటితో చెబుతాము. "ఇక నువ్వు చూడు" అని ఒకరంటే, "సరే, నేను చూస్తున్నా" అని రెండోవారు అనాలి. ఆ మాట వినబడేదాకా కన్ను తిప్పకూడదు. ఆ వేళ చేతిలో సెల్‌ఫోను ఉండకూడదు. వినడానికి చిన్న సంగతే. ఇంటినిండా మనుషులుండే మన కుటుంబాలలో, అందరూ చూస్తున్నారనుకున్నప్పుడే ఎవరూ చూడరు. పెళ్ళిళ్ళలో, పండుగనాడు బంధువులు వచ్చినప్పుడు ఇది మరీ అవసరం.

బంగ్లాదేశ్ పల్లెల్లో 'ఆంచల్' అనే శిశు కేంద్రాలు నడుపుతున్నారు. తల్లులు వంటపనిలో, ఇంటిపనిలో మునిగి ఉండే ఉదయం 9 గంటలనుంచి మధ్యాహ్నం 1 గంట దాకా చిన్నపిల్లలను అక్కడ ఒకరు కనిపెట్టి ఉంటారు. చెరువులు ఇంటి ముంగిటే ఉండే ఆ దేశంలో ఎన్నో ప్రాణాలు అలా నిలిచాయి. ఆ సంగతి చదివి వినిపిస్తే అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజు రేవులో నాకు తోడుగా ఒక్క మనిషి ఉంటే" అన్నది. యాభై ఏళ్ళుగా ఆమె తనను తానే నిందించుకుంటున్నదని మాకు ఆనాడే అర్థమయింది. తప్పు తల్లిది కాదు సోదరులారా. రెండు చేతులా పని ఉన్న మనిషిని మూడో కన్ను పెట్టమంటే ఎక్కడినుంచి తెస్తుంది? తోడు ఇవ్వవలసింది మిగిలిన మనం.

ఆడవారికి ఒక మాట. పగలంతా బిడ్డ దగ్గర ఉండేది మీరే గనుక నీళ్ళ భయం ముందు పోవలసింది మీకే. చాలా కొలనులలో స్త్రీలకు వేరుగా వేళలు ఉంటాయి. ఒళ్ళంతా కప్పే నైలాను ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. నూలుబట్టలు నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి గనుక వాటిని ఒప్పుకోరు. ముందే అడిగి తెలుసుకోండి. మా కోడలు అలాగే వెళ్ళి నలభై రోజులలో ఈత నేర్చుకున్నది. మా ఇంట్లో ఈత వచ్చిన మొదటి మనిషి ఆమే.

ఇంట్లో చేయవలసినవి అందరికీ తెలిసినవే, చేయనివీ అవే. వాడిన బకెట్టు బోర్లించాలి. నీళ్ళ డ్రమ్ముకు, సంపుకు గట్టి మూత ఉండాలి. స్నానాల గది తలుపుకు పిల్లవాడికి అందని గడియ పెట్టాలి. నమాజుకు వెళ్తూ మనవళ్ళను వెంట తీసుకువెళ్ళే పెద్దలు వుజూ చేసుకునేటప్పుడు హౌజు అంచున పిల్లవాణ్ణి వదలకుండా చూడాలి.

అన్నీ చేసినా ఆపద రావచ్చు. 1971లో మా అన్నను బయటికి తీసినప్పుడు, నీళ్ళు కక్కిద్దామని తలక్రిందులుగా పట్టుకుని గిరగిరా త్రిప్పారట. ప్రేమతోనే చేశారు. అలా చేయకూడదు, పొట్ట నొక్కకూడదు, విలువైన కాలం పోతుంది. బిడ్డను చదునైన చోట వెల్లకిల పడుకోబెట్టాలి. ఊపిరి లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి ముందు నోటితో ఊపిరి ఊదాలి. ఆపైన రొమ్ము మధ్య 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ, సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఇది కాగితం చదివితే వచ్చే పని కాదు, చేత్తో నేర్చుకోవలసిన పని.

అందుకే కార్యవర్గానికి మా విన్నపం. ఏడాదికి ఒక్క పూట, షాదీఖానాలోనో ఏదైనా పాఠశాలలోనో, తెలిసిన వైద్యులను పిలిపించి ఈ ప్రథమ చికిత్స నేర్పించండి. మగవారికి, ఆడవారికి వేరువేరుగా పెట్టినా సరే. దానికయ్యే ఖర్చులో మా వంతు మేము ఈనాడే ఇస్తున్నాము.

మా మనవడికి ఇప్పుడు మూడేళ్ళు దాటాయి. నీళ్ళలో మొహం పెట్టి బుడగలు ఊదుతాడు, తల్లి చేయి పట్టుకుని కాళ్ళు ఆడిస్తాడు. అమ్మీ ఇప్పటికీ వస్తుంది. అదే సిమెంటు బల్ల మీద కూర్చుంటుంది. ఎవరు పలకరించినా తల తిప్పదు. వాడు బయటికి వచ్చి, ఒళ్ళు తుడిపించుకుని, ఆమె ఒళ్ళో కూర్చున్న తరువాతనే మాకు బదులు చెబుతుంది.